సాంచాల ఊరి గోడు విన్న రచయిత్రి ఎలిజబెత్ గాస్కెల్

మహారాష్ట్రలోని ఠాణే జిల్లా భివండీ పేరు తెలియని ఇల్లు సరిహద్దు పల్లెల్లో అరుదు. కరీంనగర్, నల్లగొండ, వరంగల్, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా అక్కడికి వలస వెళ్లాయి. పద్మనగర్ వీధుల్లో నేటికీ తెలుగు మాట వినిపిస్తుంది. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వాన బొంబాయి మిల్లు కార్మికుల సమ్మె ఆరంభమైంది. ఆ తరువాత ఒక్కొక్క మిల్లే మూతబడగా, ఆ పని చాలావరకు భివండీ షెడ్లకు తరలింది. చేతిమగ్గం వదిలి ఊరు విడిచినవారు అక్కడ సాంచాల మధ్య నిలబడి, మీటరు లెక్కన కూలి తీసుకొని, ఇంటికి డబ్బు పంపారు.

దశాబ్దాలుగా ఆ షెడ్లలో ఆడుతున్న సాదా సాంచా మాత్రం మన దేశంలో రూపుదిద్దుకున్నది కాదు. ఇంగ్లండులోని లాంకషైర్ సీమలో, బ్లాక్‌బర్న్ పట్టణంలో, 1842లో జేమ్స్ బుల్లో, విలియం కెన్‌వర్తీ అనే ఇద్దరు రూపొందించిన లాంకషైర్ మగ్గానికి అది వారసురాలు. ఆ మగ్గం వెంట వచ్చే కష్టాలు కూడా అక్కడే మొదట కనబడ్డాయి. రోజంతా చెవులు దిబ్బడలు వేసే మోత, ఊపిరితిత్తుల్లో పేరుకొనే నూలు ధూళి, సేటుకూ కార్మికునికీ మధ్య కూలి తగవు, సమ్మె నాటి పస్తులు అన్నీ ఆ సీమవారు చవిచూసినవే. ఆ కష్టాలను కార్మికుల ఇంటి గడపలో నిలబడి చూసి, నవలలుగా లోకానికి చెప్పిన రచయిత్రి ఎలిజబెత్ గాస్కెల్. ఆమె నవలలు నేడు ఇంగ్లండులో టెలివిజన్ ధారావాహికలుగా, ఆమె భద్రపరచిన నేతపాట జానపద గాయకుల ఆల్బములుగా ఎందరికో చేరాయి. ఆమె జీవితకథ భివండీతో బంధుత్వమున్న ప్రతి కుటుంబమూ తెలుసుకోదగినది.

తల్లి లేని బాల్యం

ఎలిజబెత్ 1810 సెప్టెంబరు 29న లండన్ నగరంలోని చెల్సీలో జన్మించింది. తండ్రి విలియం స్టీవెన్‌సన్ ప్రభుత్వ ఖజానా దస్తావేజుల అధికారి. బిడ్డకు పదమూడు నెలలు నిండేసరికి తల్లి కన్నుమూసింది. చెషైర్ సీమలోని నట్స్‌ఫర్డ్ అనే చిన్న పట్టణంలో పెద్దమ్మ హన్నా లమ్ ఆ పసిదానిని తెచ్చుకొని పెంచింది. తల్లి ప్రేమను ఆమె పెద్దమ్మ ఒడిలోనే ఎరిగింది. ఆ పట్టణమే తరువాతి కాలంలో ఆమె రాసిన క్రాన్‌ఫర్డ్ నవలకు నేపథ్యమైంది.

ఆమెకు జాన్ అనే అన్న ఒక్కడే మిగిలాడు. నౌకాయానమే అతని వృత్తి. 1820ల చివర ఇండియా దిశగా సాగిన ప్రయాణంలో అతడు కనబడకుండా పోయాడు. ఏ ఓడలో ఏమయ్యాడో ఇంటికి తెలియలేదు. 1829లో తండ్రి కూడా మరణించాడు. దూరదేశం పోయినవాడి కబురు కోసం ఎదురుచూడటం ఎంత భారమో ఆమెకు పంతొమ్మిదేళ్లు నిండకముందే తెలిసివచ్చింది. ఆమె నవలల్లో సముద్రం మీదికి పోయి తిరిగివచ్చే కొడుకులు, అన్నలు పదేపదే కనిపించడానికి ఈ దుఃఖమే మూలమని ఆమె జీవితచరిత్రకారులు భావించారు.

పొగగొట్టాల నగరంలో సంసారం

1832 ఆగస్టు 30న ఆమె విలియం గాస్కెల్‌ను వివాహమాడింది. ఆయన మాంచెస్టర్‌లోని క్రాస్ స్ట్రీట్ ప్రార్థనామందిరంలో మతబోధకుడు. నట్స్‌ఫర్డ్ తోటల నడుమ పెరిగిన యువతి, నూలు మిల్లుల పొగ కమ్మిన మహానగరంలో కాపురం పెట్టింది. ఆ మందిరానికి వచ్చేవారిలో మిల్లు యజమానులు ఉండేవారు. దంపతులు సేవకై వెళ్లే మురికివాడల్లో ఆ మిల్లుల కూలీలు ఉండేవారు. ఈ రెండు లోకాలనూ ఒకే రోజున, ఒకే కంటితో చూడగలగడమే ఆమెను రచయిత్రిగా తీర్చింది.

అప్పటికి లాంకషైర్‌లో చేనేత చితికిపోయింది. తాత తండ్రుల నాటి చేతిమగ్గం అటకెక్కి, నేతగాళ్లు ఆవిరియంత్రంతో నడిచే మగ్గాల కొలువుకు చేరారు. 1840ల ఆరంభంలో వ్యాపారం మందగించి మిల్లులు ఆగిపోయాయి. నేలమాళిగ గదుల్లో, తడి నేల మీద కుటుంబాలు ఆకలితో పడివుండేవి. ఓటుహక్కు కోరుతూ చార్టిస్టులు 1839లోనూ, 1842లోనూ సమర్పించిన మహజర్లను పార్లమెంటు తిరస్కరించింది.

గాస్కెల్ దంపతులకు తొలి సంతానం 1833లో పురిట్లోనే పోయింది. తరువాత ఆడపిల్లలు కలిగారు. 1844లో పుట్టిన ఒక్కగానొక్క కొడుకు విలియం పది నెలల ప్రాయంలో, 1845 ఆగస్టులో, స్కార్లెట్ జ్వరంతో మరణించాడు. తల్లి శోకంలో మునిగిపోయింది. మనసు మళ్లించుకొనేందుకు ఏదైనా పెద్ద రచన చేపట్టమని భర్త సలహా ఇచ్చాడు. ఆ సలహా ఫలితమే మేరీ బార్టన్ నవల.

నవలలో మిల్లు కార్మికుడు జాన్ బార్టన్ కొడుకు కూడా అదే స్కార్లెట్ జ్వరంతో మంచం పడతాడు. బలమైన తిండి పెడితే బతుకుతాడని వైద్యుడు చెబుతాడు. పని పోయిన తండ్రి చేతిలో కాసు లేదు. వీధిలో నిలబడిన అతని కళ్లముందే మిల్లు యజమాని భార్య విందుకు సరుకులు కొనుక్కొని బండెక్కుతుంది. ఇంటికి చేరేసరికి కొడుకు ప్రాణం పోయివుంటుంది. రచయిత్రి తన కడుపుకోతను తన కోసం వాడుకోలేదు. తనకంటే పేదవాడైన తండ్రికి ఆ దుఃఖాన్ని అప్పగించి, తన బిడ్డకు దక్కిన మందు, తిండి అతని బిడ్డకు ఎందుకు దక్కలేదని అడిగింది. నవల బలమంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

1848 అక్టోబరులో ఆ నవల రచయిత పేరు లేకుండా వెలువడింది. ప్రచురణకర్తలు ఆమెకు ఇచ్చిన మొత్తం 100 పౌండ్లు. ఆమె మొదట తలపెట్టిన పేరు జాన్ బార్టన్. ప్రచురణకర్తల కోరికపై కూతురి పేరు పుస్తకానికి పెట్టవలసి వచ్చింది. పుస్తకం సంచలనం రేపింది. రాసినది ఎవరో బయటపడ్డాక, భర్త మందిరానికి వచ్చే మిల్లు యజమానులే ఆమెపై కినుక వహించారు. యజమానుల పక్షం వినలేదని పత్రికల్లో విమర్శలు వచ్చాయి. తన ఊరి పెద్దలకు కోపం తెప్పించే నిజం రాసి, ఆ ఊళ్లోనే వారి ముఖాలు చూస్తూ బతకడానికి ఎంత ధైర్యం కావాలో పల్లెవాసులకు వేరే చెప్పనక్కరలేదు.

నేతగాని ఆకలిపాట

మేరీ బార్టన్ నాలుగో అధ్యాయంలో ఒక పాట ఉంది. మార్గరెట్ అనే కుట్టుపని అమ్మాయి దానిని పాడుతుంది. సూదిపని చేసిచేసి ఆమె కంటిచూపు క్రమంగా పోతూ ఉంటుంది. ఓల్డమ్ నేతగాడు అనే ఆ పాట 1815 నాటి వాటర్లూ యుద్ధం తరువాతి కరువు రోజులది. పని లేని నేతగాడు దురదగొండి ఆకులు ఉడకబెట్టుకు తినడం, బాకీకి అమీన్లు వచ్చి ఇంట్లోని పీట సైతం ఎత్తుకుపోవడం, ఆలుమగలు వట్టి నేల మీద పడుకోవడం అందులోని విషయం. గాస్కెల్ ఆ పాటను లాంకషైర్ మాండలికంలోనే పుస్తకంలో చేర్చింది. చదివితే కొంత నవ్వు తెప్పించినా, వింటే కంటనీరు పెట్టించే పాట అని వివరించింది. దానికి పెద్ద రాగమేమీ లేదనీ, పాడేవారి గుండెను బట్టి పలుకుతుందనీ సూచించింది.

ఆ రోజుల్లో మాండలికాన్ని మోటుమాటగా చూసేవారు. విలియం గాస్కెల్ మాత్రం లాంకషైర్ పలుకుబడి మీద ఉపన్యాసాలిచ్చి, అవి ప్రాచీన ఆంగ్ల కవుల నాటి మంచి మాటలేనని నిరూపించాడు. 1854 నాటి మేరీ బార్టన్ ముద్రణలో ఆ ఉపన్యాసాలు అనుబంధంగా చేరాయి. తెలంగాణ పలుకుకు మరాఠీ, హిందీ మాటలు కలిసిన భివండీ తెలుగును విని పెదవి విరిచేవారు గుర్తుంచుకోదగిన విషయమిది.

ఆ పాట నోటినుంచి నోటికి సాగుతూ రూపు మార్చుకొంది. చేతిమగ్గం నేతగాని పాట కాలక్రమాన నాలుగు మగ్గాల నేతగాని పాట అయింది. అంటే మిల్లులో ఒక్కడే నాలుగు మరమగ్గాలు చూసుకొనే కార్మికుని పాట. పని మారినా ఆకలి మారలేదని ఆ పేరు మార్పే చెబుతోంది. శాలమగ్గం దిగి నాలుగేసి సాంచాల మధ్య నిలబడిన పద్మశాలి బతుకులోనూ జరిగినది ఇదే.

ఇరవయ్యో శతాబ్ది నడుమ ఇంగ్లండులో జానపద గీతాల పునరుజ్జీవనం సాగింది. 1915లో మాంచెస్టర్ పక్కనే ఉన్న శాల్‌ఫర్డ్‌లో కార్మిక కుటుంబంలో పుట్టిన ఇవాన్ మెకాల్ ఈ పాటను వేదికలపై నిలబెట్టాడు. 1976లో మ్యాడీ ప్రయర్, జూన్ టేబర్ అనే ఇద్దరు గాయనులు సిల్లీ సిస్టర్స్ అనే ఆల్బములో దీనిని పాడారు. మ్యాడీ ప్రయర్ అప్పటికే స్టీల్ ఐ స్పాన్ బృందం గాయనిగా ప్రసిద్ధురాలు. 1969లో ఏర్పడిన ఆ బృందం పాత పల్లెపాటలను విద్యుత్ గిటార్లతో, రాక్ సంగీతపు హోరుతో వినిపించి యువతను ఆకట్టుకొంది. ఆ పద్ధతి వల్ల మరుగునపడిన పాటలు ఎన్నో బయటకు వచ్చాయనడం న్యాయమే. వీరగాథలకు, సంబరాల పాటలకు ఆ హోరు నప్పింది. ఆకలిపాటకు మాత్రం హంగు పెరిగిన కొద్దీ అర్థం పలుచనవుతుంది. గాస్కెల్ చెప్పినట్లు అది పాడేవారి గుండెను బట్టి పలికే పాట. అందుకు మనిషి గొంతే చాలు.

నూలు ధూళి కథ

మాంచెస్టర్‌కు ఉత్తరాన ఉన్న ప్రెస్టన్ పట్టణంలో 1853, 1854 సంవత్సరాల్లో నూలు కార్మికుల పెద్ద సమ్మె జరిగింది. నెలల తరబడి మిల్లులు మూతపడ్డాయి. ఆ నేపథ్యంలో గాస్కెల్ రాసిన నవల నార్త్ అండ్ సౌత్. చార్లెస్ డికెన్స్ తన వారపత్రికలో 1854 సెప్టెంబరు నుంచి 1855 జనవరి వరకు దానిని ధారావాహికగా ప్రచురించాడు. పేరు సూచించినదీ ఆయనే. వారం వారం నిడివి గురించి ఇద్దరికీ పేచీలు వచ్చినా ఆమె తన పట్టు విడవలేదు.

దక్షిణ పల్లెసీమ నుంచి మిల్లుల పట్టణానికి వలస వచ్చిన మార్గరెట్ హేల్, మిల్లు యజమాని థార్న్‌టన్, కార్మిక సంఘం నాయకుడు హిగిన్స్ ఇందులో ముఖ్యులు. హిగిన్స్ కూతురు బెస్సీ చిన్ననాటి నుంచి దూది ఏకే గదిలో పనిచేసి, ఊపిరితిత్తుల నిండా నూలు ధూళి చేరి, పందొమ్మిదేళ్లకే మంచాన పడుతుంది. ధూళిని బయటకు లాగే చక్రం గదిలో అమర్చవచ్చు. దానికి వందల పౌండ్లు ఖర్చు, లాభమా రాదు, అందువల్ల చాలామంది యజమానులు పెట్టరు. మరింత విషాదకరమైన సంగతి కూడా రచయిత్రి దాచలేదు. ధూళి మింగితే ఆకలి తెలియదని, చక్రం పెట్టాక ఆకలి పెరిగిందని కొందరు కూలీలే దానిని వద్దన్నారట. చేతిలో మిగిలే కూలికీ, లోపల పోయే ఊపిరికీ మధ్య పేదవాడు చేసే లెక్క అది.

ఈ వ్యాధికి వైద్యులు పెట్టిన పేరు బిసినోసిస్. దూది ఏకడం, నూలు వడకడం వంటి పనుల్లో దీని ముప్పు ఎక్కువ. వారానికొకసారి సెలవు తరువాత పనికి వెళ్లిన రోజున ఛాతీ బిగుసుకుపోవడం దీని తొలి గుర్తు. 1948 నాటి మన ఫ్యాక్టరీల చట్టం దీనిని వృత్తి వ్యాధుల పట్టికలో చేర్చింది. అయినా కొద్దిమంది పనివారితో నడిచే చిన్న షెడ్లు ఎన్నో ఆ చట్టం పరిధికి వెలుపలే ఉండిపోయాయి. దగ్గుతో ఇంటికి చేరినవారిని క్షయ అనో, పొగతాగడం అనో సరిపెట్టుకోవడం కాక, ఏ పని ఎన్నేళ్లు చేశారో వైద్యునికి చెప్పడం కుటుంబం చేయదగిన మొదటి మేలు.

తెర మీద గాస్కెల్

2004లో బీబీసీ సంస్థ నార్త్ అండ్ సౌత్ నవలను నాలుగు భాగాల టెలివిజన్ నాటకంగా ప్రసారం చేసింది. సాండీ వెల్ష్ రచన, బ్రయన్ పెర్సివల్ దర్శకత్వం. రిచర్డ్ ఆర్మిటేజ్ థార్న్‌టన్‌గా, డానియెలా డెన్బీ ఆష్ మార్గరెట్‌గా నటించారు. మిల్లు లోపలి దృశ్యాల్లో కొన్నింటిని బర్న్‌లీ పట్టణంలోని క్వీన్ స్ట్రీట్ మిల్లులో చిత్రీకరించారు. ఆవిరితో నడిచిన ఆ మగ్గాల కర్మాగారం మూతపడినది 1982లో, బొంబాయి మిల్లుల సమ్మె మొదలైన ఏడాదే. తరువాత అది ప్రదర్శనశాల అయింది.

ఆ నాటకంలో మార్గరెట్ తొలిసారి మిల్లు తలుపు తీసిన దృశ్యం ప్రసిద్ధం. వరుసలు తీరిన మగ్గాలపై దూది పింజెలు మంచువలె రాలుతూ ఉంటాయి. చూపుకు ఎంతో అందం. ఆ అందమే బెస్సీ ప్రాణం తీసిన విషమని కథ ముందుకు సాగాక తెలుస్తుంది. ఇది దర్శకుని నేర్పు. సాంచాల మోత, కార్మికుల ఇరుకు గదులు, సమ్మె విఫలమై ప్రాణం తీసుకొనే బౌచర్ కథ కూడా తెరపై నిజాయితీగా వచ్చాయి.

లోపాలూ లేకపోలేదు. మిల్లులో పొగ తాగబోయిన కార్మికుని థార్న్‌టన్ చితకబాదే దృశ్యం నవలలో లేదు. యజమాని కోపానికి నిప్పు భయం కారణమని చూపి, ఆ తరువాత అతనిపై సానుభూతి కలిగించడానికి అది అవసరమైనట్లుంది. ముగింపును రైల్వేస్టేషనుకు మార్చి ప్రేమకథకు మెరుగు పెట్టారు. నవలలో థార్న్‌టన్, హిగిన్స్ కలిసి కూలీలకు భోజనశాల నడిపే ఘట్టానికి ఉన్న బరువు తెర మీద ప్రేమ చూపులకు దక్కింది. పాతకాలపు దుస్తులు, గుర్రపుబండ్లు చూసి మురిసే ప్రేక్షకుడు కూలి తగవును నేపథ్యంగానే భావించే ప్రమాదం ఈ తరహా నాటకాల్లో ఎప్పుడూ ఉంటుంది. 1999లో వైవ్స్ అండ్ డాటర్స్, 2007లో జూడీ డెంచ్ నటించిన క్రాన్‌ఫర్డ్ కూడా బీబీసీలో ఆదరణ పొందాయి. అయితే భివండీ బంధువులున్న ఇంట్లో ఒక్కటే చూడవలసి వస్తే, అది నార్త్ అండ్ సౌత్ అనడానికి సందేహించనక్కరలేదు.

గాస్కెల్ రచనకు కూడా పరిమితులున్నాయి. కార్మికుల ఆకలిని అర్థం చేసుకొన్నంతగా వారి సంఘాన్ని ఆమె నమ్మలేదు. మేరీ బార్టన్ చివర ప్రధాన పాత్రలు కెనడాకు వలసపోతారు. యజమాని, కార్మికుడు ఒకరినొకరు మనుషులుగా గుర్తిస్తే తగవు తీరుతుందని ఆమె విశ్వాసం. కూలి రేటు విశ్వాసం మీద కాదు, బేరం మీద నిలుస్తుందని సమ్మెలు చేసినవారికి తెలుసు.

పత్తి కరువు, చివరి రోజులు

1857లో ఆమె రాసిన షార్లెట్ బ్రాంటీ జీవితచరిత్ర న్యాయవివాదాల బెదిరింపులకు లోనై, మార్పులతో తిరిగి ముద్రితమైంది. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలై, లాంకషైర్‌కు పత్తి రావడం ఆగిపోయింది. 1862 చివరికి దాదాపు 5 లక్షల మంది సహాయం మీద బతకవలసిన స్థితి ఏర్పడింది. అదే సమయంలో మన దేశపు పత్తికి గిరాకీ పెరిగి బొంబాయి వర్తకులు కోట్లు గడించారు. సూరత్ పేరుతో వెళ్లిన ఆ పొట్టి పింజె పత్తితో నూలు మాటిమాటికీ తెగి, అక్కడి నేతగాళ్ల కూలి తగ్గింది. అమెరికాలో యుద్ధం జరిగితే బొంబాయిలో మేడలు లేవడం, మాంచెస్టర్‌లో పొయ్యిలు ఆరడం ఆనాడే లోకం చూసింది. గాస్కెల్, ఆమె కుమార్తెలు పని పోయిన మిల్లు యువతుల కుట్టుపని తరగతుల్లో, సహాయ కేంద్రాల్లో తీరిక లేకుండా శ్రమించారు. ఆ శ్రమ ఆమె ఆరోగ్యాన్ని కుంగదీసింది.

భర్త విశ్రాంతి జీవితానికని ఆయనకు తెలియకుండా హాంప్‌షైర్ సీమలోని హోలీబోర్న్‌లో ఆమె తన రచనల ఆదాయంతో ఒక ఇల్లు కొన్నది. 1865 నవంబరు 12న ఆ ఇంట్లో కుమార్తెలతో తేనీరు సేవిస్తూ హఠాత్తుగా మరణించింది. వయస్సు 55 సంవత్సరాలు. వైవ్స్ అండ్ డాటర్స్ నవల ముగింపునకు కొద్ది దూరంలో ఆగిపోయింది. నట్స్‌ఫర్డ్‌లోని బ్రూక్ స్ట్రీట్ ప్రార్థనామందిరం ఆవరణలో ఆమె సమాధి ఉంది. మాంచెస్టర్‌లోని ప్లిమత్ గ్రోవ్ వీధిలో ఆమె నివసించిన ఇంటిని 2014లో ప్రజల సందర్శనకు తెరిచారు.

ఓల్డమ్ నేతగాని పేరు ఎవరికీ తెలియదు. అతని ఆకలి మాత్రం రెండు వందల ఏళ్లుగా వినిపిస్తూనే ఉంది. ఒక ఇల్లాలు దానిని ఆ యాసలోనే కాగితం మీద పెట్టడం అందుకు తోడ్పడింది. భివండీలో కండెలు చుడుతూ, పాళి మారే వేళ కూనిరాగాలు తీస్తూ, బతుకమ్మ నాడు పద్మనగర్ వాకిళ్లలో వలస బాధ కలిపి మన ఆడవారు కట్టుకొన్న పాటలు ఇంకా పెద్దల నోళ్లలోనే ఉన్నాయి. పండుగకు ఊరు చేరిన అవ్వల చేత వాటిని పాడించి, బడికి పోయే పిల్లల చేత వారి యాసలోనే రాయించడానికి ఒక పాత నోటుపుస్తకం చాలు.